అక్క చేతి కొలత

రంపం అనే బావమరిది ఫోన్‌లో చెప్పిన మాట ఇది: "బావా, ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. పాత మెడ పీకేసి కొత్త మెడ బిగించేస్తాను. అక్కకి చెప్పు."

బావ విన్నది కూడా ఇంచుమించు అదే. కాకపోతే ఒక దీర్ఘం ఎక్కువ విన్నాడు. ఆయన ఎడమ చెవి పదేళ్ళ కిందటే పదవీ విరమణ చేసింది. కుడి చెవి ఇంకా ఉద్యోగంలోనే ఉంది కానీ తోచిన పూటే పనికొస్తుంది. పైగా వానాకాలం నుంచీ ఆ ఇంటి మేడ కారుతూనే ఉంది. ఎవరో తెలిసిన మేస్త్రీని తీసుకొస్తానని బావమరిది రెండు నెలలుగా ఊరిస్తూనే ఉన్నాడు. కాబట్టి పాత మేడ పీకేసి కొత్త మేడ వేస్తాననడంలో ఆయనకి వింతేమీ కనిపించలేదు. బావమరిది మనసు ఇంత పెద్దదా అని కాసేపు ఆశ్చర్యపోయి, వెంటనే మేడమీద అద్దెకుంటున్న టీచరుగారికి ఆ శుభవార్త చేరవేశాడు.

అందుకే ఆదివారం పొద్దున రంపం ఒక చేత్తో పనిముట్ల పెట్టె, ఇంకో చేత్తో గుడ్డ చుట్టిన కొత్త మెడ పట్టుకుని గేటు తీసేసరికి, మెట్ల మీద బీరువా ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. దానికి పైన టీచరుగారు, కింద బావ. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు.

"ఏంటి టీచరుగారూ, బదిలీయా?" అన్నాడు రంపం.

"మీరే కదండీ చేయిస్తున్నారు," అందావిడ పైనుంచి. ముప్పై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఆ పూట మాత్రం గొంతులో గరుకు కాగితం ఉంది. "కాస్త వారం ముందు చెబితే ఇంకో గది వెతుక్కునేదాన్ని. ఇప్పటికిప్పుడు మేడ పీకేస్తానంటే ఎక్కడికి పోను?"

"మేడా? ఎవరి మేడ?"

"నువ్వే అన్నావుగా," అన్నాడు బావ బీరువా కింద నుంచి. "పాతది పీకేసి కొత్తది బిగిస్తానని. బిగించడమేంట్రా అనుకున్నాను, ఈమధ్య అన్నీ అలాగే వస్తున్నాయేమో అని ఊరుకున్నాను."

రంపానికి అర్థమవడానికి అర నిమిషం పట్టింది. అర్థమయ్యాక బావ కుడి చెవి దగ్గరకెళ్ళి, వీధి చివరి ఇస్త్రీ బండి దాకా వినబడేలా అన్నాడు. "మేడ కాదు బావా, మెడ. గిటార్ మెడ. అక్క గిటార్ మెడ."

"మరి ఆ దీర్ఘం ఎక్కడిది?"

"నీ చెవిది. నాది కాదు."

బీరువా మళ్ళీ పైకెక్కింది. టీచరుగారు కోపం తగ్గించుకుని నవ్వేశారు. రంపం ఆవిడకి చేతులు జోడించాడు. "మీరు ఈ మెట్లు దిగక్కర్లేదండీ. నేను వేసిన మెట్లు మా అక్క వేళ్ళు ఎక్కాలి, అంతే. పదింటికి కిందకి రండి. అక్క వాయిస్తుంది. పద్నాలుగు నెలలైంది మనుషుల ముందు వాయించి."

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి పట్టీలను వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ మెట్లనే అంటారు. ఆ పేరు అక్క పెట్టిందే. రంపం అన్న పేరూ అక్క పెట్టిందే. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు, వాగుడు ఆపమంటే ఆపకపోతే, "వీడు తమ్ముడు కాదు, రంపపు కోత," అంది. తర్వాత వాడు నిజంగానే రంపం పట్టి గిటార్లు చేసేవాడయ్యాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. నోరు మాత్రం ఎనిమిదేళ్ళ దగ్గరే ఉండిపోయింది.

అక్క ముందుగదిలో కిటికీ పక్కన, చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో శాలువా, శాలువా కింద ఎడమ చెయ్యి. బయట జరిగిందంతా విన్నట్టుంది, ఇంకా నవ్వుతోంది.

"వచ్చావా. ఇల్లు కూల్చేవాడు వచ్చాడు."

"మెడలు విరిచేవాణ్ణి కూడా. రెండూ ఒకే రేటు," అన్నాడు రంపం, నేల మీద పాత దుప్పటి పరుస్తూ.

గోడకి ఆనించి ఉంది ఆమె గిటార్. ఈ కొలతవాటిని ఆ పనిలో ఉన్నవాళ్ళు పార్లర్ గిటార్లంటారు. కనుబొమలు తీర్చే పార్లర్ కాదు. ముందుగదిలో నలుగురి మధ్య కూర్చుని వాయించుకునే గిటార్ అని. సన్నటి నడుము, చిన్న పొట్ట. ఒళ్ళో పెట్టుకుంటే పిల్లలా ఒదిగిపోతుంది. పెద్ద గిటార్ పట్టుకుంటే భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి గాల్లో వేలాడుతుంది. దీనికి ఆ బాధ లేదు. తీగల పొడవు తక్కువ కాబట్టి బిగువూ తక్కువ. వేళ్ళు అంతంత దూరం చాచక్కర్లేదు. దీని మీదే అక్క ముప్పై ఏళ్ళ పాటు వీధిలో పిల్లలందరికీ పాఠాలు చెప్పింది. అందరికంటే ముందు తమ్ముడికి చెప్పింది. వాడి వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నొక్కి, "నొప్పెడితే మాట్లాడకు, స్వరం పోతుంది," అనేది. వాడు మాట్లాడకుండా ఉన్నది జన్మలో ఆ కాసిని నిమిషాలే.

ఒక్క చిక్కు ఉంది. పాతకాలపు గిటార్ కావడంతో దాని మెడ లావు. వెనకవైపు పడవ అడుగులా మధ్యలో గట్టు. బలమున్న చేతికి ఆ గట్టు అండ. బొటనవేలు అక్కడ ఆని కూర్చుంటుంది. బలం లేని చేతికి అదే అడ్డు.

అక్క మెడలో నరం నలిగింది. మొదట చిటికెన వేలు మొద్దుబారింది, తర్వాత దాని పక్కది. డాక్టరు మెడకి ఆపరేషన్ చేసి, చెయ్యి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది ఆగి చూద్దామన్నాడు. ఆ వార్త విన్న రోజున రంపం అక్క మంచం పక్కన నిలబడి ఒకటే అన్నాడు. "నీ మెడ డాక్టరుది. గిటార్ మెడ నాది. నాది ముందు బాగవుతుంది చూడు."

అప్పటినుంచీ అదే పని. అసలు మెడని చెక్కకుండా అలాగే విప్పి దాచాడు. దాని బదులు మెత్తటి చెక్కతో నమూనా మెడ ఒకటి చేసి బిగించాడు. అక్క చేతికి ఏది సుఖమో నమూనా మీద తేల్చుకుని, తర్వాత మంచి చెక్కలో ఖాయం చేద్దామని అతని ఆలోచన. తీగలు మెట్లకి దాదాపు తగిలేంత కిందకి దించాడు. అన్నిటికంటే సన్న తీగలు వేశాడు. మెట్ల చివర్లు వేలికి గీసుకోకుండా ఆకురాయితో గుండ్రం చేశాడు. చెయ్యి అంటుకుపోకుండా మెడకి వార్నిష్ వెయ్యకుండా ఉత్త మైనం రుద్దాడు.

కొలత తీసుకునే పద్ధతి మాత్రం అతనికి ఒక్కడికే సొంతం. వడ్రంగులు నూలుకి పట్టించి గీత కొట్టే నీలం పొడి ఉంటుంది కదా, దాన్ని మెడ వెనకంతా పూసేవాడు. పూసి, మనిషికి ఇచ్చేసి, వారం పాటు తుడవకుండా వాయించుకోమనేవాడు. ఎక్కడ చెయ్యి ఆనుతుందో అక్కడ పొడి పోతుంది. పోయిన చోటే చిత్రిక పట్టాలి. "నోటితో చెప్పే కొలత అబద్ధం ఆడుతుంది. పొడి ఆడదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

అక్కకి మూడుసార్లు పొడి పూశాడు. మొదటిసారి వారం తర్వాత చూస్తే నీలం నీలంగానే ఉంది. బొటనవేలు ఆనిన చోట చిన్న మసక. రెండోసారి కాస్త నయం. మూడోసారి, అంటే ఇరవై రోజుల కిందట, రెండు మచ్చలు స్పష్టంగా కనిపించాయి. చెక్క బయటపడేంతగా పొడి పోయింది. బొటనవేలిది ఒకటి, చూపుడువేలి మొదలు ఒరుసుకున్నది ఒకటి. రంపం అప్పటికప్పుడు మెడకి పల్చటి కాగితం చుట్టి, పెన్సిల్‌తో మచ్చల అంచులు ఎత్తుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బస్టాపులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి మూడు జోకులు చెప్పాడు. ఆ రాత్రే మంచి చెక్క బల్లెక్కింది.

ఇప్పుడు ఆ మెడే గుడ్డలోంచి బయటికొచ్చింది. అక్క దాన్ని కుడిచేత్తో నిమిరింది.

"ఎంత నున్నగా చేశావురా."

"నా బుర్ర కంటే నున్నగా రావాలని పంతం పట్టాను. పోటీ గట్టిగానే జరిగింది."

ఆమె నవ్వింది కానీ, చెయ్యి తొందరగా వెనక్కి తీసుకుంది. రంపం గమనించలేదు. నమూనా మెడ మరలు విప్పి పక్కన కాగితం మీద పెట్టాడు. కొత్తది దూర్చి, బిగించి, తీగలెక్కించి, శ్రుతి చేశాడు. పదయింది. టీచరుగారు కిందకి వచ్చి తలుపు పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నారు. బావ తన కుర్చీ లాక్కుని, కుడి చెవి గిటార్ వైపు ఉండేలా సర్దుకున్నాడు. ఆయనకి గిటార్ వినబడక చాలా కాలమైంది. అక్క మధ్యాహ్నాలు వాయించుకుంటున్నానంటే సరేననేవాడు. టీచరుగారు ఆ వేళకి బడిలో ఉండేవారు.

"ముందు నేను రుచి చూస్తాను," అంటూ రంపం గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఎడమ చెయ్యి మెడ మీద వేశాడు.

బొటనవేలికి గట్టు తగిలింది.

చెయ్యి కాస్త జరిపాడు. మళ్ళీ తగిలింది. ఉండకూడని చోట ఉంది గట్టు. బొటనవేలు ఆనాల్సిన పల్లం ఇంకెక్కడో ఉంది. చూపుడువేలి మొదలు ఏదో గుంటలోకి జారిపోతోంది. ముప్పై ఏళ్ళలో ఎవరి చేతికో కొలిచి చేసిన మెడలు వంద పట్టుకుని ఉంటాడు. లావుగా అనిపించేవి, సన్నగా అనిపించేవి. ఇంత తప్పుగా అనిపించింది ఒక్కటీ లేదు. ఇది ఇంకొకరి చేతిది కావడం వల్ల కాదు. ఇది చేతికే ఎదురు తిరిగిన మెడ.

కాగితం తిరగేసి పెట్టుకుని చెక్కానా అనుకున్నాడు. చెయ్యి తిరిగిన పనివాడని పేరు, తిరిగినది కాగితమా? పక్కనున్న నమూనా మెడ అందుకుని వెలుతురుకి పెట్టాడు. ఇరవై రోజుల కిందటి నీలం ఇంకా దాని మీదే ఉంది, మచ్చలూ ఉన్నాయి. కాగితం తప్పు చెప్పలేదు. బొటనవేలి మచ్చ సన్న తీగల వైపు ఉంది. చూపుడువేలి మచ్చ లావు తీగల వైపు ఉంది.

ఎడమ చేత్తో మెడ పట్టుకున్న ఏ మనిషికీ మచ్చలు అలా పడవు. అద్దంలో మనిషికి తప్ప.

ఆ రోజు మచ్చల గట్టిదనం చూశాడు గానీ, ఏది ఏ పక్కనుందో చూడలేదు. చూడాలనిపించలేదు. వాటిని అలా చూస్తూనే అతను మెల్లిగా గిటార్‌ని ఒళ్ళో అటుదిటు తిప్పి, కుడిచేత్తో మెడ పట్టుకున్నాడు. బొటనవేలు తిన్నగా పల్లంలో కూర్చుంది. చూపుడువేలి మొదలు దాని చోటికి అది వెళ్ళింది. తన చేతికి కాస్త ఇరుకు. తనకంటే చిన్న చెయ్యి. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తన చేతిని పట్టుకున్న చెయ్యి. మెడ మొత్తం అక్క కుడి చెయ్యే, ఉన్నది ఉన్నట్టుగా.

తలెత్తి చూశాడు. అక్క అతన్నే చూస్తోంది. శాలువా కింద చెయ్యి కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు బావ. "అలా తలకిందులుగా పట్టుకున్నావేంటి? రుచి చూస్తానని మింగేస్తావా?"

"వాయించండి పిన్నిగారూ," అన్నారు టీచరుగారు మెత్తగా. "ఒక్క పాటైనా."

రంపం గిటార్ దించి గోడకి ఆనించాడు. నమూనా మెడని గుడ్డలో చుట్టేశాడు, ఎవరూ చూడకుండా ఉండాలన్నట్టు గట్టిగా. తర్వాత బావ వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే అరిచాడు.

"కుదరలేదు బావా. తప్పు నాది. కొలత కాగితం తిరగేసి పెట్టుకున్నాను. ఎడమ చేతికి చెయ్యాల్సింది కుడి చేతికి చేశాను."

"ఎడమేదో కుడేదో తెలీకుండా చేశావా?"

"చేశాను."

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని కదరా నీది. బడి పిల్లలకి కూడా తెలుస్తుంది, కాదమ్మా టీచరూ? మీ అక్క చెయ్యి ఇప్పుడిప్పుడే దారిలో పడుతోందని నువ్వే అన్నావు. పద్నాలుగు నెలలు ఆగింది. ఈ ఆదివారం కోసం వారం నుంచి ఆవిడకి తిండి సయించలేదు. నువ్వు తాపీగా వచ్చి కాగితం తిరగబడిందంటావా?" బావ కోపంగా మాట్లాడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. "నోరు తగ్గించుకుని పని మీద ధ్యాస పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను. అన్నీ వేళాకోళమే నీకు. అక్క చెయ్యి కూడా వేళాకోళమేనా?"

రంపం తల వంచుకుని దుప్పటి మీది మరలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"ఇంకోటి చేస్తాలే బావా. నెల పడుతుంది."

"వద్దు," అంది అక్క.

మరీ గట్టిగా అనలేదు. అయినా రంపం చేతిలో మరలు ఆగిపోయాయి.

"వాణ్ణి ఏమీ అనకండి. వాడు ఏ కాగితమూ తిరగెయ్యలేదు."

"అక్కా, వదిలెయ్."

"నువ్వు ఊరుకో. నీ పనిని నా ఎదురుగా తిడుతుంటే కూర్చుని వింటాననుకున్నావా." ఆమె శాలువా తీసి కుర్చీ వెనక వేసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంది, వేళ్ళు సగం ముడుచుకుని. "గిటార్ ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె కుడిచేత్తో తన ఎడమ చేతిని ఎత్తి మెడ మీద పెట్టింది, ఎవరిదో వస్తువుని అలమారలో సర్దినట్టు. వేళ్ళు ఒక్కొక్కటే తీసి తీగల మీద ఆనించింది. చెయ్యి వదిలింది. నాలుగు వేళ్ళూ ఒక్కసారే జారి కిందకి వాలిపోయాయి. తీగలు చిన్న చప్పుడు చేశాయి.

టీచరుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అక్క చెప్పడం మొదలుపెట్టింది, ఆవిడ వైపు చూస్తూనే. తమ్ముడి మొహం చూస్తే చెప్పలేననేమో.

"మొదటిసారి వాడు పొడి పూసి ఇచ్చినప్పుడు నిజంగానే వారమంతా ప్రయత్నించాను. బొటనవేలు ఆనించగలిగాను, అంతే. వాడొచ్చి మెడ చూశాడు. అరగంట కూర్చున్నాడు. ఒక్క జోకు వెయ్యలేదు. వాడు పుట్టాక అంతసేపు నోరు మూసుకోవడం నేను చూడలేదమ్మా. మా నాన్న పోయినప్పుడు కూడా ఏదో ఒకటి వాగి నన్ను నవ్వించినవాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండోసారి పొడి పూసినప్పుడు నేనే కాస్త తుడిచాను. వాడు రెండు జోకులు వేశాడు. మూడోసారి బాగా తుడిచాను."

"కుడిచేత్తోనా?" అన్నారు టీచరుగారు.

"గుడ్డతో తుడిస్తే వాడికి తెలిసిపోతుంది. అందుకని రోజూ మధ్యాహ్నం గిటార్ తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో మెడ పట్టుకుని కూర్చునేదాన్ని. నిజంగా వాయిస్తున్నట్టే పాటలన్నీ నొక్కేదాన్ని. అటు నుంచి పట్టుకుంటే మచ్చల పక్కలు మారతాయని తట్టలేదు. ఇంతమందికి నేర్పినదాన్ని, నాకైనా తట్టాల్సింది. డాక్టరు రెండు నెలల కిందటే చెప్పేశాడు, ఇక రాదని. నేనే ఇంట్లో చెప్పలేదు. చెబితే వీడు మెడ చెయ్యడం ఆపేస్తాడు."

రంపం దుప్పటి మీదే కూర్చున్నాడు. అక్క చెయ్యి ఇంకా తీగల పక్కన వేలాడుతూనే ఉంది. దాన్ని అందుకుని ఆమె ఒళ్ళో పెట్టాడు. చల్లగా, తేలిగ్గా ఉంది. ఒక నమూనా మెడా, ఒక మంచి చెక్క మెడా చేశాడు, ఈ చెయ్యి కోసం. పద్నాలుగు నెలల్లో దీన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని చూడలేదు. పొడిని అడిగాడు.

బావ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు. పెదాలు చదవడానికి ప్రయత్నించి సగంలో వదిలేసినట్టున్నాడు. "ఏమంటోంది మీ అక్క?" అన్నాడు. "ఆవిడెందుకు ఏడుస్తోంది? టీచరమ్మా? ఎవరైనా చెప్పండి."

"చెప్పరా," అంది అక్క. "నాకు గొంతు లేవదు."

రంపం లేచి వెళ్ళి బావ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడి చెవికి నోరు దగ్గరగా పెట్టాడు. గట్టిగానే చెబుదామనుకున్నాడు.

"ఆ మచ్చలు అక్క కుడి చేతివి బావా. నేను బాధపడతానని తనే వేసింది. ఎడమ చెయ్యి రావట్లేదు. ఇక రాదని డాక్టరు చెప్పాడట."

చాలా మెల్లిగా వచ్చాయి మాటలు. బావ మళ్ళీ అడగలేదు.